పాతరలో లచ్చవ్వ

మొన్న ఎండాకాలంలో మా మేనల్లుడు ఊరి నుంచి ఫోన్ చేశాడు. పాత పశువుల కొట్టం పడగొట్టి నీళ్ల సంపు కట్టిద్దామని జేసీబీతో తవ్విస్తుంటే, నేల ఒక్కసారిగా కుంగి పెద్ద గొయ్యి బయటపడిందట. పైన మూతి సన్నగా, లోపల కడవలా ఉబ్బెత్తుగా ఉందట. "అత్తమ్మా, లంకెబిందెలు ఉంటయని ఊరంత ఎగబడి సూస్తున్రు. నీకేమన్న ఎర్కనా?" అని అడిగాడు. ఎరుకే అన్నాను. మర్నాడు పొద్దున్నే కారు మాట్లాడుకుని మిర్యాలగూడ నుంచి బయలుదేరాను. ఈ ఎండలో, ఈ వయసులో ఎందుకని కోడలు అడ్డుపడింది గాని వినలేదు. గొయ్యి అంచున నాకు కుర్చీ వేశారు. అది జొన్నలు దాచుకునే పాతర అని చెప్పగానే చుట్టూ మూగిన పిల్లలు ఉసూరుమని వెళ్లిపోయారు. నేను చాలాసేపు లేవలేకపోయాను. ఆ గోతిలో మనిషి ఉండగానే మూత పెట్టి, పైన గడ్డి కప్పిన పొద్దున నేను అక్కడే, దీపం పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకప్పుడు పదకొండేళ్లు.

మా ఊరు గరిడేపల్లికి రెండు కోసుల దూరం. ఇప్పుడు కాలువ నీళ్లొచ్చి ఎటు చూసినా వరి మళ్లే. ఆ రోజుల్లో చెరువు కింద నాలుగు మడికట్లు తప్ప మిగతాదంతా మెట్ట. జొన్న, సజ్జ, కంది, ఆముదం పండేవి. తెల్లన్నం పండుగనాడు, లేకపోతే సూర్యాపేట నుంచి చుట్టాలు వచ్చిననాడు. రోజూ తినేది జొన్న గటక, తాగేది అంబలి. కొత్త జొన్నలు ఇంటికొచ్చాక అందరి ఇళ్లలోనూ పొగ లేచేది. ఉగాది దాటిందంటే కూలివాళ్ల వాడలో ఒక్కొక్క పొయ్యే ఆరిపోతూ వచ్చేది. మృగశిర కార్తె నాటికి ఆ వాడలో పొగ అన్నదే కనిపించేది కాదు. చిన్నతనంలో నాకు ఆకలి అంటే ఒక దృశ్యం, పొగ లేని ఇంటికప్పుల వరుస.

ఆ నెలల్లో మా ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగేవి. మా ముత్తవ్వ ఎప్పుడో ఒక కరువులో మొదలుపెట్టిన ఆనవాయితీ అది. ఇంటి పొయ్యి వెలగక ముందే వాకిట్లో రాళ్లపొయ్యి వెలగాలి, వచ్చినవాళ్లకు అంబలి పోశాకే ఇంట్లోవాళ్లు గిన్నె ముందు కూర్చోవాలి. ముత్తవ్వ తర్వాత ఆ పని మా నాయనమ్మకు వచ్చింది. ఆమె పొడుగు మనిషి, గొంతు పెద్దది, తల ఎప్పుడూ నున్నగా గొరిగి ఉండేది. ముందురోజు మాపటికే జొన్నలు దంచించి, రవ్వను పులిసిన కలినీళ్లలో నానబెట్టించేది. తెల్లవారేసరికి ఆ పుల్లటి వాసన, ఉల్లిగడ్డ వాసన, తడిసిన పిడకల పొగ కలిసి ఇల్లంతా పట్టేవి. ఇప్పటికీ పెరుగు కాస్త ఎక్కువ పులిస్తే నాకు మా వాకిలి గుర్తొస్తుంది. పొద్దు బారెడెక్కగానే ఆమె కుండ దగ్గర నిలబడి, ఎండిన సొరబుర్రతో ముంచి పోసేది. "కడుపు కాలినోడు ముందటికి రావాలె, సిగ్గువడేటోడు ఇంటికి వోవాలె" అని అరిచేది. పోసేటప్పుడు మాత్రం ఆమెకూ కట్టుబాట్లున్నాయి. కొందరి గిన్నెల్లోకి దగ్గరగా వంచేది. మాలమాదిగ వాడలవాళ్ల గిన్నెల్లోకి మూరెడు ఎత్తు నుంచి, గిన్నెకు బుర్ర తగలకుండా పోసేది. చుక్కలు ఎగిరి వాళ్ల కాళ్ల మీద పడేవి. ఆ తేడా నాకప్పుడు తప్పనిపించలేదు. తేడా అని కూడా అనిపించలేదు.

నేను చెప్పబోయే సంవత్సరం మా అమ్మ మా తమ్ముణ్ణి కన్నది. కాన్పు కష్టమైతే కోదాడ నుంచి రూతమ్మ అనే నర్సమ్మను బండి కట్టి తీసుకొచ్చారు. తెల్లచీర, చేతిలో తోలుసంచి, బెజవాడ వైపు మాట. కాన్పు అయ్యాక వారం రోజులు మా ఇంట్లోనే ఉంది. ఒకరోజు పొద్దువాలే వేళ, పొద్దున పనికిపోయిన వాళ్ల పిల్లలు మిగిలిన అంబలి కోసం వచ్చారు. ఆ మసక వెలుతురులో ఇద్దరు పిల్లలు కుండ కనపడక దానికే తట్టుకున్నారు. మా పనిమనిషి లచ్చవ్వ కూతురు నర్సి అయితే నా చెయ్యి తడుముకుని గిన్నె పట్టింది. రూతమ్మ అరుగు మీద నుంచి లేచి వచ్చి, ఆ పిల్లల కనురెప్పలు ఒక్కొక్కటే పైకెత్తి చూసింది.

"పెద్దమ్మగారూ, ఈ పిల్లలకి పొద్దు వాలితే కళ్లు కనపడట్లేదు. మీరు చూళ్లేదా?"

"రేచీకటి తల్లీ. పెద్దగయితే అదే పోతది" అంది నాయనమ్మ.

"అదే పోదండీ. ఇలాగే వదిలేస్తే కళ్లే పోతాయి. మీరు పోసే అంబలి కడుపు నింపుతుంది, కాదన్ను. కానీ కడుపు నిండితే చాలదమ్మా. ఆకుకూర పడాలి, కాస్త పప్పు పడాలి."

నాయనమ్మకు కోపం వచ్చింది. ముత్తవ్వ నాటి నుంచి పోస్తున్న అంబలికి పేరు పెట్టినవాళ్లు లేరు. ఆ రాత్రి ఆమె సరిగా తినలేదు. తెల్లారి లచ్చవ్వ పేడ తియ్యడానికి వచ్చినప్పుడు మాత్రం, ఎటో చూస్తూ అడిగింది. "లచ్చీ, ఈ కాలంల ఆకుకూర యాడ దొరుకుతదే?"

లచ్చవ్వ మూరెడు ఎత్తు నుంచి అంబలి పోయించుకునే వాడ మనిషే, మా కొట్టంలో పనిచేసేది. సన్నగా, చువ్వలా ఉండేది. భర్త బెజవాడ వైపు కూలికి పోయి రెండేళ్లయినా తిరిగి రాలేదు. నర్సి ఒక్కతే బిడ్డ, నా ఈడుది. లచ్చవ్వ నవ్వి, "ఆకు గురించి మీకేం ఎర్క అమ్మా, తోటకూర తప్ప మీరేం తిన్నరు?" అంది. "వానలు పడనియ్యి. చెలకల తుమ్మికూర, పొన్నగంటి, గంగవాయిలి, ఎన్నని చెప్పాలె. ఇప్పటికైతే మీ బాయికాడి మునగచెట్టున్నది గద. దాని కాయలే తింటిరి మీరు, ఆకంత రాలగొడ్తిరి." ఆ రోజు నుంచి లచ్చవ్వ మునగాకు దూసి, కుండ దగ్గరకు రాకుండా దడి దగ్గరే పెట్టేది. మా అమ్మ కడిగి, ఇన్ని కందులు చేర్చి కుండలో వేసేది. పిల్లలు చేదని ముఖం చిట్లిస్తే నాయనమ్మ తిట్టి తాగించేది. నెల దాటేసరికి నర్సి ఒక మాపటివేళ పరుగెత్తుకుంటూ వచ్చి, "యశోదమ్మా, చుక్క కనవడ్డది!" అని నాకు ఆకాశం చూపించింది. నాయనమ్మ విననట్టే ఉండి, మర్నాటి నుంచి రెండింతల కందులు వేయించింది.

ఇదంతా ఒకవైపు. ఇంకోవైపు మా ఇంట్లో భయం కాపురం చేస్తోంది. నవాబు సర్కారు లెవీ అని పండిన గింజలో వంతు తీసుకునేది. ఇంత పండిందని వాళ్లు రాసుకున్నదే లెక్క. పండలేదన్నా ఇవ్వాల్సిందే. ఇచ్చాక ఇంట్లో దాచినట్టు తేలితే గింజలూ పోయేవి, మగవాళ్లనూ పట్టుకుపోయేవారు. ఊళ్లు అట్టుడుకుతున్న రోజులు. ఎవరు ఎవరితో ఏం మాట్లాడినా అటూ ఇటూ చూసి మాట్లాడేవారు. మా నాయన పిసినారి కాదు, భయస్తుడు. భారీ మనిషి, వెడల్పాటి భుజాలు, కానీ గుర్రపు డెక్కల చప్పుడు వింటే చుట్ట ఆర్పేసి లోపలికి వచ్చేసేవాడు. పశువుల కొట్టం కింద ఒక పాతర నిండా జొన్నలున్నాయని మా ఇంట్లోవాళ్లకు, లచ్చవ్వకు, మా జీతగాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో గింజల గుమ్ములు అడుగంటిన రోజున తల్లీకొడుకుల మధ్య జరిగిన మాటలు నేను తలుపు చాటు నుంచి విన్నాను.

"అమ్మా, ఈ ఒక్క ఏడు ఆపుదాం. పాతర తెరిస్తే నలుగురికి తెలుస్తది. తెలిస్తే నన్ను తోల్కపోతరు."

"తెరవకపోతే?"

"మనకన్న మిగుల్తయి."

"మిగిలి ఏం జేసుకుంటంరా? పిల్లలు గిన్నెలు వట్టుకొని వాకిట్ల నిలవడితే తలుపేసుకొని తింటవా? నీకు మింగుడు వడ్తదా?"

నాయన తల పక్కకు తిప్పుకున్నాడు. "నీకు వాళ్ల పిల్లలే కనవడ్తరు, నీ కొడుకు కనవడడు" అన్నాడు. పాతర తెరవడానికే నిశ్చయమైంది.

పాతర తెరవడం మామూలు పని కాదు. మూసి ఉన్న గింజ లోపలి గాలిని తినేస్తుందనేవారు. మూత తీసి ఒక పూటంతా వదిలెయ్యాలి. తర్వాత తాడుకు దీపం కట్టి దించాలి. దీపం నిలిస్తే మనిషి దిగొచ్చు, ఆరితే దిగకూడదు. ఆ పొద్దున వేకువనే మూత తీశారు. మాపటి దాకా ఆగి దిగాలనుకున్నారు. అయితే కాసేపటికే, లెవీవాళ్లు సిపాయిలతో గరిడేపల్లికి వచ్చారని, రేపో మాపో మన ఊరికే అని కబురొచ్చింది. నాయన కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఈ పూటే తీసినన్ని తీసి తెలిసినవాళ్ల ఇళ్లలో తలా ఇంత పెట్టేద్దామన్నాడు. పాతరలోకి దిగాల్సిన జీతగాడు సిపాయిల మాట వినగానే ఊరు విడిచి పారిపోయాడు. నాయనమ్మ వాకిట్లో అంబలి పోస్తోంది, అమ్మ పసివాడితో లోపల ఉంది. కొట్టంలో నాయన, నేను, లచ్చవ్వ.

దీపం నేనే దించాను. సగం దూరం పోయేసరికి మంట ముడుచుకుపోయి చిన్న చుక్కంత అయింది. ఆరలేదు. నాయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. "ఆరలే గద" అన్నాడు. నేను తాడు చుట్టుకుంటూ దీపం పైకి లాగాను. "నేనే దిగుత" అని పంచె ఎగ్గట్టాడు గాని లచ్చవ్వ నవ్వింది. "మీ భుజాలు గా మూతిల పట్టవు పటేలా. నేను సన్నగున్న, నేను దిగుత" అని కొంగు నడుముకు చుట్టి, తాడు పట్టుకుని జారింది.

రెండు గంపల జొన్నలు పైకి వచ్చాయి. మూడో గంప ఎంతకీ రాలేదు. "లచ్చవ్వా" అని పిలిస్తే, నాలుక మందమైనట్టు ఒక గొంతు "తల తిర్గుతున్నది పటేలా" అంది. నాయన తాడు విసిరి "పట్టుకో, గుంజుత, పట్టుకో" అన్నాడు. అప్పుడే వీధిలో కుక్కలు ఒక్కుమ్మడిగా మొరిగాయి, వాకిట్లో ఎవరో "సిపాయిలు!" అని కేకేశారు. లచ్చవ్వ తాడు పట్టుకుంది. పట్టు నిలవలేదు. చేయి జారి, జొన్నల మీద అలాగే కూలబడిపోయింది. నాయన ఒక్క క్షణం అటు గుమ్మం వైపు, ఇటు గొయ్యి వైపు చూశాడు. రెండు గంపల జొన్నలూ తీసి కుడితి గోళెంలో కుమ్మరించాడు. అవి బురబురమంటూ మునిగిపోయాయి. తర్వాత గొయ్యి మీదికి వంగి, "లచ్చవ్వా, జర ఊపిరి వట్టు. చప్పుడు జెయ్యకు" అన్నాడు. లోపల నుంచి జవాబు రాలేదు. బండ జరిపి మూత వేశాడు. గడ్డి మోపులు లాగి పైన పరిచాడు. నా భుజం పట్టుకుని, "నువ్వేం సూడలే. నోరు తెరిసినవంటే మన ఇల్లు ఖతం" అన్నాడు.

వాకిట్లోకి వెళ్లేసరికి లెవీ వసూలుకొచ్చిన గిర్దావరు మంచం మీద కూర్చుని ఉన్నాడు. వెంట నలుగురు సిపాయిలు. ఆయనకు ఏ తొందరా లేదు. మజ్జిగ తెమ్మని అడిగి, తెచ్చాక నెమ్మదిగా తాగాడు. సిపాయిలు ఇనుప చువ్వలతో ఒక్కొక్క గదిలో నేల పొడుస్తూ వస్తున్నారు. ఠక్కు ఠక్కున చువ్వ నేలకు తగిలిన ప్రతిసారీ నాయన కొట్టం వైపు చూడబోయి చూపు తిప్పుకునేవాడు.

"ముసలమ్మా, ఇంట్ల గింజ లేదని రాసిచ్చిన్రు. మరి గీ కుండలోయి యాడియి?"

"ఇంటింటికి తిరిగి పిడికెడు పిడికెడు అడుక్కొచ్చిన అయ్యా."

"పిడికెడుకు గింత కుండ నిండిందా? బహుత్ ఖూబ్. మీ ఊరి పిడికిళ్లు పెద్దయున్నయి." ఆయన నవ్వాడు, మళ్లీ మజ్జిగ అడిగాడు.

వరుసలో నిలబడ్డవాళ్లు గిన్నెలు పట్టుకుని బిగుసుకుపోయారు. నాయనమ్మ మాత్రం పోయడం ఆపలేదు. ఆమెకు లచ్చవ్వ సంగతి తెలియదు. నేను ఆమె వెనక నిలబడి లెక్కపెడుతున్నాను, ఏం లెక్కపెడుతున్నానో నాకే తెలియదు. నా కళ్ల ముందు ముడుచుకుపోయిన ఆ దీపం కనిపిస్తోంది. అంతలో నర్సి వరుసలోంచి జరిగి నా పక్కకు వచ్చింది. "యశోదమ్మా, మా అవ్వ యాడ వోయింది? కొట్టంల లేదు" అని గుసగుసగా అడిగింది. ఆ పిల్ల కళ్లు బాగయినాయి. నా ముఖం తేటగా చూస్తోంది. నాయన నన్నే చూస్తున్నాడని చూడకుండానే తెలుస్తోంది. నేను నాయనమ్మ కొంగు పట్టి లాగాను. ఆమె వంగింది. "లచ్చవ్వ పాతర్ల ఉన్నది నాయినమ్మా. నాయిన మూత వెట్టిండు" అన్నాను చెవిలో.

అప్పుడు సొరబుర్ర ఒక ముసలాయన గిన్నె మీద ఉంది. అందులోని అంబలిని చుక్క పోకుండా ఆ గిన్నెలో ఒంపింది నాయనమ్మ. బుర్రను కుండ మీద బోర్లించింది. చేతులు కొంగుకు తుడుచుకుని గిర్దావరు వైపు తిరిగింది.

"అయ్యా, నా ఎంబడి రా. జొన్నలు నేను సూపిస్త."

"అమ్మా!" అన్నాడు నాయన.

"నోర్ముయ్. దాంట్ల మనిషున్నది."

ఆమె పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. గడ్డి మోపులు రెండు చేతులతో ఎగజిమ్మింది. సిపాయిలు బండ లాగారు. లోపల లచ్చవ్వ ముడుచుకుని, ఒక చెంప జొన్నల్లో పెట్టి పడి ఉంది. పిలిస్తే పలకలేదు. గిర్దావరు కూడా మంచం నుంచి లేచి వచ్చి గొయ్యి అంచున నిలబడిపోయాడు. సిపాయిల్లో ఒకరు, గడ్డం నెరిసిన పెద్దాయన, తాడు నడుముకు కట్టుకోబోయాడు. నాయన ఆయన చేతిలోంచి తాడు లాక్కున్నాడు. పట్టవన్న ఆ మూతిలోకి భుజాలు ఒకటొకటిగా మెలితిప్పి దిగాడు. రాయి గీసుకున్న చప్పుడు వినిపించింది. లచ్చవ్వ నడుముకు తాడు బిగించి, ఆమె పైకి వచ్చాకే తను వచ్చాడు. రెండు భుజాల మీదా తోలు లేచిపోయి నెత్తురు కారుతోంది. వచ్చి ఆ అంచునే కూలబడి కక్కుకున్నాడు.

లచ్చవ్వను గాలికి పడుకోబెట్టారు. నెరిసిన గడ్డపు సిపాయి తన తలపాగా విప్పి విసురుతూ, "హవా ఆనే దో, జర దూరం జరుగున్రి" అని అందరినీ తరిమాడు. నాయనమ్మ ముఖాన నీళ్లు కొట్టింది. నర్సి తల్లి కాళ్లు పట్టుకుని ఏడుస్తోంది. చాలాసేపటికి లచ్చవ్వ ఛాతీ ఒకసారి పైకి లేచింది. మళ్లీ లేచింది. దగ్గు వచ్చింది. ఆ దగ్గు విని వాకిట్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారి ఊపిరి వదిలారు.

గిర్దావరు చెయ్యాల్సిన పని చేశాడు. ఊళ్లో బండ్లు పట్టించి జొన్నలన్నీ తోడించాడు. "ఒక్క గంప ఇడిసిపెట్టు, పిల్లలున్నరు" అని నాయనమ్మ అడిగితే, "నేను ఇడిస్తె నా నౌకరీ పోతది ముసలమ్మా" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. సిపాయిలు నాయన చేతులు కట్టబోతుంటే, ఆగమని, భుజాలకు పసుపు అద్దింది నాయనమ్మ. బండ్ల వెనక ఆయన్ని సూర్యాపేట దాకా నడిపించుకుపోయారు. పోతూ నాయన నా వైపు చూడలేదు.

ఆ మాపు కుడితి గోళెంలోంచి రెండు గంపల జొన్నలు దేవి, ఏడు నీళ్లు పోసి కడిగి, దంచి గటక వండారు. మా అమ్మ పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని ముద్ద ముట్టలేదు. "ఒక్క ఘడియ ఆగితే వాళ్లే పోతుండిరి గద బిడ్డా" అంది నాతో. తిట్టినా బాగుండేది. నాయనమ్మ పొయ్యి దగ్గర నుంచే, "ఒక్క ఘడియ ఆగితే అదే పోతుండె" అంది. ఈ రెండు మాటల మధ్య నేను చాలా ఏళ్లు బతికాను.

కుండ ఆగుతుందనే అనుకున్నారు అందరూ. నాయనమ్మ బండి కట్టించుకుని హాలియా దగ్గర తన పుట్టింటికి పోయి, అన్న కాళ్లావేళ్లా పడి ఇన్ని సజ్జలు తెచ్చింది. అవి వారానికి చాలలేదు. అప్పటికి వానలు పడ్డాయి. పడ్డ నాలుగో రోజునో అయిదో రోజునో లచ్చవ్వ ఇంకా తూలుతూనే నడిచి వచ్చింది. కొంగు నిండా తడి ఆకు. వెనక వాడ ఆడవాళ్లు నలుగురు, వాళ్ల కొంగుల్లోనూ ఆకే. దడి దగ్గర ఆగలేదు. తిన్నగా కుండ దగ్గరకు వచ్చి, "గింజ తక్కువున్నప్పుడు ఆకు ఎక్కువెయ్యాలె అమ్మా" అని తన చేత్తోనే కుండలో వేసింది. అందరూ నాయనమ్మ ముఖం చూశారు. నాయనమ్మ పెదవులు కదిలాయి. తెడ్డు తీసి లచ్చవ్వ చేతికిచ్చింది. ఆ రోజు నుంచి వాళ్లకు మూరెడు ఎత్తు నుంచి పోయడం మానేసింది. అయితే లచ్చవ్వ చెయ్యి పడ్డ ఆ కుండను మళ్లీ మా వంటింటి గడప దాటి లోపలికి రానివ్వలేదు. చచ్చేదాకా అంతే. ఆమెను దేవతను చెయ్యడం నాకు ఇష్టం లేదు. ఆమె దాటగలిగినంత దాటింది.

నెల మీద కొన్ని రోజులకు నాయన కాలినడకన తిరిగొచ్చాడు. చెంప ఎముకలు పొడుచుకొచ్చి, ఎడమ చెవి వినపడకుండా పోయి. ఇంట్లో అందరితో మాట్లాడాడు, నాతో తప్ప. నేను నీళ్లిస్తే తీసుకునేవాడు, కళ్లు మాత్రం ఎత్తేవాడు కాదు. కోపమో సిగ్గో నాకు అర్థమయ్యేది కాదు. అలా పంటలు వచ్చాయి, మళ్లీ ఉగాది వచ్చింది, మళ్లీ వాకిట్లో పొయ్యి వెలిగింది. మొదటి రోజు నాయన కొట్టంలోకి పోకుండా కుండ దగ్గరే నిలబడ్డాడు. నాయనమ్మ చేతిలో సొరబుర్ర తీసుకుని నాకిచ్చాడు. "అవ్వకు చేతులు గుంజుతున్నయట. నువ్వు వొయ్యి" అన్నాడు. నేను ముంచబోతుంటే, "గట్ల గాదు బిడ్డా. గట్టిది అడుగున ఉంటది. అడుగుదాక కలిపి వొయ్యి. ఆఖర్ల వచ్చినోనికి గూడ అంతే దొరకాలె" అన్నాడు. అంతకుమించి ఆ సంగతి మా మధ్య ఎన్నడూ రాలేదు.

ఆ ఏడే రాజ్యం మారింది. లెవీలు పోయాయి, పారిపోయినవాళ్లు తిరిగొచ్చారు. చాలా ఏళ్లకు కాలువ వచ్చింది. నేను కాపురానికొచ్చిన మిర్యాలగూడలో ఇప్పుడు ఎటు చూసినా బియ్యం మిల్లులే. కోటా బియ్యం తినలేక అమ్ముకునేవాళ్లున్నారు. పొగ లేని ఇళ్లంటే నా మనవరాలికి గ్యాసు పొయ్యి ఉన్న ఇళ్లు. అయినా డాక్టరు దగ్గరకు పోతే ఆ పిల్లకు రక్తం లేదంటాడు, నా కొడుక్కి చక్కెర ఎక్కువంటాడు, ఇద్దరినీ జొన్నలూ ఆకుకూరలూ తినమంటాడు. రూతమ్మ అన్న మాటే. పొన్నగంటి ఏదో తుమ్మికూర ఏదో చెప్పగలిగినవాళ్లు మా వీధిలో లేరు. మేం దానం చేశామని మా చుట్టాలు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇంకో ఆలోచన వస్తుంది. ఆ జొన్నలు విత్తింది, కోసింది, తొక్కింది ఆ వాడవాళ్లే. మా పాతరలో ఉన్నాయి గనుక మావయ్యాయి, మేం పోశాం గనుక దానమైంది. పదకొండేళ్ల వయసులో ఈ లెక్క నాకు తట్టలేదు. నాయనమ్మకు తట్టిందేమో, అడగలేదు.

లచ్చవ్వ చాలా కాలం బతికింది. ముసలితనంలో కంటి ఆపరేషన్ కోసం నర్సి ఆమెను మిర్యాలగూడ దవాఖానకు తీసుకొచ్చినప్పుడు పది రోజులు మా ఇంట్లోనే ఉంచుకున్నాను. మా వంటింట్లో పీట వేసుకుని, కంటికి కట్టుతో కూర్చుని, నా చేతి గటక తినేది. ఒక మధ్యాహ్నం, ఎన్నో ఏళ్లుగా నోట్లో నానుతున్న మాట అడిగేశాను.

"లచ్చవ్వా, ఆ పొద్దు మూత వెట్టినప్పుడు నీకు తెలివి ఉన్నదా?"

"ఉన్నది. బండ జరిగినప్పుడు ఎలుతురు సన్నగయి సన్నగయి పోయింది. గదంత సూసిన."

"మా నాయిన మీద కోపం రాలేదా? నర్సి యాదికి రాలేదా?"

ఆమె నమలడం ఆపింది. కట్టు లేని కంటితో నా వైపు తిరిగింది.

"అన్నీ వచ్చినయి బిడ్డా. కని అన్నిటికన్న ముందుగాల ఒక్క రంది వట్టుకున్నది. నేను గీడ్నే సస్తె, పీనుగు వడ్డ జొన్నలని ఎవ్వలు ముట్టరు గద. గిన్ని జొన్నలు మన్ను పాలయితయి. పిల్లలు ఏం దాగుతరు? సావొద్దు, సావొద్దు అనుకుంట పండుకున్న. గంతే."